కడపటి పంక్తి

చింతామణి బజారువీధిలో అమరనాథ్ శెట్టిది స్టీలు సామాన్ల అంగడి. గల్లా దగ్గర కూర్చుని బిందెల ధరలు చెప్పే ఆయన భార్య హేమావతి బాస్కెట్‌బాల్ కోచ్ అంటే కొత్తగా విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. తెల్లవారగానే కొంగు నడుముకు బిగించి, తాళిబొట్టు పక్కనే ఈల వేలాడేసుకుని ఆమె కాలేజీ మైదానంలో అడుగు పెడితే, ఆడపిల్లల్ని చూడడానికి గోడెక్కి కూర్చున్న కుర్రకారు చప్పుడు చేయకుండా దిగి వెళ్లిపోతారు.

చిక్కబళ్లాపురంలో చదువుకునే రోజుల్లో ఆమె కాలేజీ జట్టుకు ఆడింది. పెళ్లయ్యాక మానేసింది. మానేసింది అనడం కన్నా, మళ్లీ ఆడమని ఎవరూ అనలేదు అనడం నిజం. ఇద్దరు కొడుకులు పెద్దవాళ్లయి ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాక, ఒకనాడు ఆ మైదానం పక్కగా వస్తూ చూస్తే, సిమెంటు కోర్టు నిండా ఎవరో రాగులు ఆరబోసి ఉన్నారు. రింగు తుప్పు పట్టి వంగిపోయింది. ఆమెకు కడుపు మండింది. రాగులవాళ్లు పంట ఎత్తుకున్న మర్నాడే చీపురు పట్టుకుని వెళ్లింది. జట్టు అలా మొదలైంది.

కోర్టు ఊడ్చడం సులభమే. ఇళ్లలోంచి ఆడపిల్లల్ని తీసుకురావడం దగ్గరే అసలు పని. మొదట దొరికిన పిల్ల ప్రతిమ. కెంచార్లహళ్ళి రైతు చెన్నరాయప్ప కూతురు. పొట్టిది, నల్లది, మాట తక్కువ. బాల్ చేతికొస్తే మాత్రం తొమ్మిదిమంది ఎక్కడెక్కడ నిలబడ్డారో తల తిప్పకుండా చెప్పగలదు. ఆ పిల్లను పొరుగూరి పోటీకి పంపమని అడగడానికి హేమావతి వాళ్లింటికి వెళ్లి, వాకిట్లో నిలబడే నాలుగు మాటలు చెప్పింది. చెన్నరాయప్ప అంతా విని, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"పంపేదానికి నాకేం అడ్డం లేదమ్మా. అయితే పిలుపు లేకుండా మా ఇంటి బిడ్డ యాడికీ రాదు. దోవన పోతా పోతా ఒక మాట చెప్పి పంపమంటే ఎట్ల?"

ఇంకొకరైతే విసుక్కునేవారు. హేమావతి కోమట్ల ఇంటి ఆడపడుచు, మర్యాదలు తెలిసిన మనిషి. మర్నాడు పళ్లెంలో ఆకులు, వక్కలు, అరటిపండ్లు, కుంకుమ, ఒక టెంకాయ పెట్టుకుని బస్సెక్కి వెళ్లింది. పెళ్లికి పిలిచినట్టు ఇంటిల్లిపాదికీ బొట్టు పెట్టి పిలిచింది. చెన్నరాయప్ప రెండు చేతులా తాంబూలం అందుకుని దేవుడి గూట్లో పెట్టి, లోపలికి తిరిగి కేక వేశాడు.

"ప్రతిమా, పిలిచినారు. పోయి ఆడుకోని రా."

అప్పటినుంచి అదే ఆనవాయితీ అయింది. ప్రతి ఏటా పెద్ద పోటీలకు ముందు హేమావతి ఒక్కో పిల్ల ఇంటికీ తాంబూలం తీసుకుని వెళ్తుంది. ఆమెకు చేదోడుగా ఉండే మంజునాథ్ ఒక ప్రైవేటు హైస్కూలులో డ్రిల్లు మాస్టరు, వయసులో చిన్నవాడు. "ఇదేం పెళ్లా మేడం, ఫోన్ చేస్తే సరిపోదా" అని మొదట్లో నవ్వేవాడు. పంపం పంపం అని తలుపు వేసుకున్న ఇళ్లు కూడా ఆ పళ్లెం చూసి తలుపు తీయడం చూశాక నవ్వు మానేశాడు.

చెన్నరాయప్ప ఆ టెంకాయను పోటీలు ముగిసేదాకా కొట్టనిచ్చేవాడు కాదు. గెలిచినా ఓడినా జట్టంతా తిరుగుదారిలో కెంచార్లహళ్ళిలో దిగాలి. ఆయన టెంకాయ కొట్టాలి, ఆయన భార్య యశోదమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డించాలి. మొదటి ఏడాది హేమావతిని మొదటి పంక్తిలో పీట వేసి కూర్చోబెట్టారు. రెండో ఏడాది ఆమే గరిటె అందుకుని పిల్లలకు వడ్డించింది. అందరూ తిని లేచాక యశోదమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"మనోళ్లం మనం. మిగిలిండేది తిందాం, రా హేమమ్మా."

గిన్నెల మధ్య యశోదమ్మ, ప్రతిమ, హేమావతి కూర్చుని, అడుగంటిన పప్పు గోకి తిన్నారు. ఓళిగల్లో విరిగిన ముక్కలే మిగిలాయి. హేమావతికి ఆ ముక్కలు ఎంత రుచిగా ఉన్నాయో చెప్పలేం. పుట్టింట్లో ఆఖరిసారి ఎప్పుడు అలా తిందో ఆమెకు గుర్తు లేదు. ఆనాటినుంచి ఆ ఇంట్లో ఆమెది కడపటి పంక్తే.

జట్టు మెల్లగా పైకొచ్చింది. మొదట్లో తొలి ఆటకే ఇంటికి వచ్చేవాళ్లు, తర్వాత జిల్లాలో గెలిచారు. నిరుడు రాష్ట్రం రెండో డివిజన్ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లి, ఓడిపోయారు. ఓడించింది ఆట కాదు, ఎత్తు. అవతల జట్టులో తాటిచెట్లలాంటి ఇద్దరు పిల్లలు రింగు కింద నిలబడి, మనవాళ్లు వేసిన ప్రతి బాల్‌నూ పైనే అందుకున్నారు. ఫైనల్ చేరిన రెండు జట్లూ మొదటి డివిజన్‌కు ఎక్కుతాయి. ఒక్క ఆట తేడాతో చింతామణి కిందే ఉండిపోయింది.

ఈ ఏడాది మంజునాథ్ ఒక కబురు తెచ్చాడు. బెంగళూరులో నిఖిత అనే పిల్ల ఉంది. ఆరడుగుల మనిషి. మోకాలికి ఆపరేషన్ అయ్యాక పెద్ద జట్టు వదిలేసింది. అడిగితే మనకు ఆడుతుంది.

"ఆ మోకాలు మళ్లా పట్టేస్తే?" అంది హేమావతి.

"పట్టేయచ్చు మేడం. పట్టేయకపోవచ్చు. మన పిల్లల్ని లెక్కేసుకోండి. ఇద్దరు నర్సింగుకు పోతాండారు. ఒకరికి సంబంధం చూస్తాండారు. ప్రతిమ పెళ్లి కుదిరే పోయింది. ఈ జట్టు వచ్చే ఏడు ఇట్లే ఉంటుందా? ఎక్కేది ఉంటే ఈ తూరే ఎక్కల్ల."

"బయట పిల్లను తెచ్చి ఎక్కితే, ఎక్కినాక ఆ పిల్ల పోతే?"

"ఎక్కినాక చూసుకుందాం."

హేమావతి వారం రోజులు నిద్ర సరిగా పోలేదు. గల్లా దగ్గర కూర్చుని ఒకరికి ఇవ్వాల్సిన చెంబు ఇంకొకరికి ఇచ్చింది. భర్త అమరనాథ్ మంచివాడు, ఆట గురించి ఓనమాలు తెలియవు. "వ్యాపారంలో అయితే కొత్త సరుకు తెస్తాం, పాత సరుకు అరలోంచి తీస్తాం" అన్నాడు. ఆమె ఆయన్ని కసిరింది. కసిరినా, ఆ మాట మనసులో ఒక మూల కూర్చుంది.

ఎందుకంటే జట్టులో పన్నెండుమందికే చోటు. నిఖిత వస్తే ఒకరు పోవాలి. బాల్ నడిపించేవాళ్లు ఇద్దరు ఉన్నారు, ప్రతిమ ఒకరు, అర్పిత ఇంకొకరు. అర్పితకు పదిహేడు. కాలు నిలవదు, వేగం ఎక్కువ, కంగారు అంతకన్నా ఎక్కువ. ప్రతిమకు ఇరవై ఏడు. చీలమండ బెణికినప్పటినుంచి కాస్త నెమ్మదించింది. అయినా మంజునాథ్ అర్పితనే ఈసారికి ఆపుదామన్నాడు. చిన్నపిల్ల, ముందు బోలెడన్ని ఏళ్లున్నాయి.

హేమావతి ఆలోచించింది. అర్పితను ఆపితే ఏడుస్తుంది. వాళ్ల నాన్న అసలే మొండి, ఇదే సందని ఆట మాన్పిస్తాడు. ప్రతిమ అయితే ఏడవదు. ప్రతిమ మనపిల్ల. చెబితే అర్థం చేసుకుంటుంది, చెప్పకపోయినా అర్థం చేసుకుంటుంది.

మనవాళ్లే కదా, సర్దుకుంటారు. మన ఇళ్లలో ఎన్ని కొంపలు ఈ ఒక్క మాటతో కూలాయో ఎవరు లెక్కపెట్టారు? బయటివాడికి కోపం వస్తుందని భయపడతాం, చుట్టానికి మర్యాద తక్కువవుతుందని భయపడతాం. మనసు నిజంగా ఇచ్చినవాళ్ల మీద మాత్రం భయం లేదు. కత్తి పడాల్సివస్తే వాళ్ల మీదే పడుతుంది. హేమావతి చెడ్డది కాదు. ప్రేమ ఎక్కడ ఎక్కువ ఉందో అక్కడే కోసుకుంది, అంతే.

ఆ ఏడాది ఆట ప్రతిమకు ఏమిటో ఆమెకు తెలియదా అంటే, తెలుసు. బాగేపల్లి దగ్గర చాకవేలులో సంబంధం. మగపెళ్లివాళ్లు మాఘమాసంలో ముహూర్తం పెట్టుకుందామన్నారు. పోటీలు అప్పుడే. చెన్నరాయప్ప స్వయంగా చాకవేలు వెళ్లి, వియ్యంకుడి ముందు చేతులు కట్టుకుని, "బిడ్డ కడాకు ఒకతూరి ఆడుకోనీ అప్పా, వైశాఖంలో చేస్తాం" అని అడిగి ఒప్పించుకుని వచ్చాడు. ఈ సంగతి ప్రతిమ కోర్టు ఊడుస్తూ సిగ్గుపడుతూ చెప్పింది. "పెళ్లయినాక యాడ ఆడతాను అక్కా. ఈ తూరి పైకి ఎక్కిస్తే చాలు."

హేమావతి బెంగళూరు వెళ్లి నిఖిత ఇంట్లో తాంబూలం ఇచ్చింది. వాళ్లమ్మ మర్యాదస్తురాలే, పళ్లెం అందుకుని, టెంకాయను ఏం చేయాలో తోచక ఫ్రిజ్ మీద పెట్టింది. తిరిగొచ్చి మిగతా ఇళ్లన్నీ తిరిగింది. కెంచార్లహళ్ళి ఒక్కటే మిగిలింది. ఏ ముఖంతో వెళ్లాలి? బొట్టు పెట్టి, మీ అమ్మాయిని ఆడించడం లేదని ఎలా చెప్పాలి? రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఉండగానే రోజులు అయిపోయాయి. ఆఖరికి మంజునాథ్ చేత ఫోన్ చేయించింది. ఈసారి జట్టుకు మేనేజరుగా రమ్మని.

"ఏమనింది?" అని అడిగింది, అతను ఫోన్ పెట్టగానే.

"సరే సార్ అనింది మేడం. ఇంగేం అనలేదు."

హేమావతి గుండెల మీది బరువు దిగింది. చూశావా, నా బిడ్డ బంగారం అనుకుంది.

పోటీలు మొదలయ్యేదాకా కెంచార్లహళ్ళిలో యశోదమ్మ రోజూ వాకిలి అలికి ముగ్గు పెట్టి ఉంచింది. దేవుడి గూడు తుడిచి, పళ్లెం పెట్టే చోటు ఖాళీగా ఉంచింది. చెన్నరాయప్ప చింతామణి బస్సు వచ్చినప్పుడల్లా అరుగు మీదికి వచ్చి నిలబడేవాడు. "హేమమ్మకు పనులెక్కువైనట్టుండాది" అని ఎవరూ అడగకుండానే చెప్పేవాడు. ఇవన్నీ హేమావతికి అప్పుడు తెలియవు. తర్వాత అర్పిత చెప్పింది.

పోటీలు తుమకూరులో. పళ్లెం రాకపోయినా, ఇచ్చిన మాట కోసం ప్రతిమ మేనేజరు పనికి వచ్చింది. సల్వారు కమీజు వేసుకుని, నీళ్ల సీసాలు మోసి, బూట్ల లేసులు కట్టి, నిఖిత మోకాలికి పట్టీ చుట్టింది. ముఖంలో ఏమీ లేదు. నిఖిత మాత్రం తెప్పించిన కష్టానికి న్యాయం చేసింది. రింగు కింద ఆ పిల్ల చెయ్యెత్తితే ఇంకొకరి చెయ్యి అందలేదు.

సెమీఫైనల్ చివరి నిమిషాల్లో ఒక పాయింటే ఆధిక్యం. అర్పిత కంగారుపడింది. ఒకసారి బాల్ పోగొట్టుకుంది, రెండోసారి కాలికి తగిలించుకుంది. హేమావతి టైమవుట్ అడిగి, ఏళ్ల అలవాటు కొద్దీ బెంచీ వైపు తిరిగి పిలిచింది. "ప్రతిమా."

ప్రతిమ లేచి నిలబడింది. అదీ అలవాటే. చేతిలో నీళ్ల సీసా ఉంది. ఒక్క క్షణం అందరూ ఆమె వైపే చూశారు. ఆమె మెల్లగా నడిచివచ్చి, ఆ సీసా హేమావతి చేతికిచ్చి, వెళ్లి తన చోట్లో కూర్చుంది. దాహానికే పిలిచారన్నట్టు. పదిమందిలో కోచ్ పరువు కాపాడింది.

ఆట గెలిచారు. ఆఖరి బాల్ నిఖితే అందుకుంది. ఫైనల్లో ఆమె మోకాలు వాచి సగంలో కూర్చుండిపోతే ఓడారు గానీ, అప్పటికే పని అయిపోయింది. చింతామణి మొదటి డివిజన్‌కు ఎక్కింది. నిఖితను తేవడం తప్పా అంటే, తప్పు కాదు. పైకెక్కాలనుకున్న జట్టు ఎక్కడో ఒకచోట తెగించక తప్పదు. ఎవర్ని తెచ్చామన్నది కాదు, ఎవరి చోట్లో తెచ్చాం, ఆ మాట ఎవరి నోటితో చెప్పించాం అన్నదే ఇక్కడి తప్పు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు బస్సులో పాటలు పాడారు. చిక్కబళ్లాపురంలో హోటల్‌కు చెప్పానని మంజునాథ్ అన్నాడు. అర్పితకు ఏం తెలుసు, వెనక సీటులోంచి తల పైకెత్తింది.

"చెన్నరాయప్ప తాత ఇంటికి పోమా? ఓళిగలు తినాల కదా."

పాటలు ఆగాయి. కిటికీ పక్కన కూర్చున్న ప్రతిమ బయటికే చూస్తూ చెప్పింది.

"ఈ తూరి టెంకాయ లేదు కదా."

గొంతులో కోపం లేదు. ఇంట్లో ఉప్పు లేదు అన్నట్టు చెప్పింది. హేమావతికి ఆ మాట పక్కటెముకల్లో దిగింది. హోటల్లో ఆమె చెయ్యి కడుక్కుంది గానీ ముద్ద నోట్లో పెట్టలేదు.

వెంటనే కెంచార్లహళ్ళి వెళ్లి ఉంటే ఏమయ్యేదో. యశోదమ్మ నాలుగు తిట్టి, అన్నం పెట్టి ఉండేది. హేమావతి వెళ్లలేదు. సిగ్గు మనిషిని ఇంట్లో కట్టిపడేస్తుంది. కోర్టుకు పోతే ఊడ్చేవాళ్లు లేరు. పెళ్లి పనులని ప్రతిమ రావడం మానేసింది. తెల్లవారకముందే ఒక్కో పిల్లకు ఫోన్ చేసి లేపేదీ, బస్సు తప్పినవాళ్లకు దిక్కు చూపేదీ, అలిగినవాళ్లను బుజ్జగించేదీ ఆ పిల్లే అని అప్పుడు తెలిసింది. రోజురోజుకూ వచ్చేవాళ్లు తగ్గారు. నిఖిత ఆరునెలలు కాలు కదపకూడదన్నారని మెసేజ్ పెట్టింది. మొదటి డివిజన్‌కు ఎక్కిన జట్టు, పొద్దున పూట సగం కోర్టుకు కూడా చాలడం లేదు.

చైత్రం వెళ్లాక చెన్నరాయప్ప, యశోదమ్మ అంగడికి వచ్చారు. హేమావతి గల్లా వదిలి పరుగున వచ్చింది. ఆయన చెప్పులు బయటే విడిచి, గిరాకీలు కూర్చునే బల్ల మీద అంచున కూర్చున్నాడు. పళ్లెంలో ఆకులు, వక్కలు, అరటిపండ్లు, టెంకాయ, పెళ్లి పత్రిక పెట్టి, యశోదమ్మ చేత బొట్టు పెట్టించి, రెండు చేతులా అందించాడు.

"బిడ్డ పెండ్లి. మీరూ శెట్టిగారూ తప్పకుండా రావల్లమ్మా."

ఎప్పుడూ నువ్వు అనే మనిషి. హేమావతి పళ్లెం చేతిలో పట్టుకునే అంది.

"అప్పా, నేను ఆ పొద్దు మీ ఇంటికి రావల్సింది. రాలేకపోతిని."

"పనులుండాయి కదమ్మా మీకు," అన్నాడు చెన్నరాయప్ప. "పెద్ద జట్టు. ఊరికి పేరొచ్చె. మాకూ సంతోషమే."

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే ఆమె ఏడ్చి కాళ్లు పట్టుకునేది. ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు, కాఫీ తాగాడు, యశోదమ్మను వెంటబెట్టుకుని ఇంకా పిలవాల్సిన ఇళ్లున్నాయని వెళ్లిపోయాడు.

పెళ్లినాడు హేమావతి తెల్లవారుజామునే కెంచార్లహళ్ళి వెళ్లింది. పాత చీర కట్టుకుంది, వంటింట్లో పని ఉంటుందని. వెళ్లేసరికి కళ్యాణమంటపం వాకిట్లో పన్నీరు చల్లి, ముందు వరసలో కుర్చీ చూపించారు. ముహూర్తం అయ్యాక అక్షతలు వేయడానికి వేదికెక్కింది. పెళ్లికూతురు బొట్టు, బాసికం మధ్య నిండుగా ఉంది. వంగి కాళ్లకు దండం పెట్టి, పక్కనున్న పెళ్లికొడుకుతో చెప్పింది.

"మా కోచ్ మేడం."

అక్కా అని పిలిచిన నోరు అది. హేమావతి ఆ తలమీద చెయ్యి పెట్టి, అక్షతలు వేసి దిగింది.

భోజనాల దగ్గర మొదటి పంక్తికి విస్తర్లు వేస్తున్నారు. ఆమె ఎవరూ చూడకుండా వంటింటి వైపు నడిచింది. చెన్నరాయప్ప ఎదురొచ్చాడు.

"అటు యాడికమ్మా? ఇట్ల రండి."

"నేను కడాన యశోదక్కతో తింటాలే అప్పా. వడ్డిస్తాను, గరిటె ఇప్పించు."

"అయ్యో, అట్లెట్లమ్మా. దూరం నుంచి వచ్చిండారు. మా ఇంటికొచ్చినోళ్లు ఆకలితో ఉండకూడదు."

చింతామణి నుంచి కెంచార్లహళ్ళి దూరం! ఆయన ఆమెను వెంటబెట్టుకుని తీసుకెళ్లి, చాకవేలు వియ్యాలవారి పక్కన, అందరికన్నా ముందు విస్తరి ముందర కూర్చోబెట్టాడు. నీళ్లు తానే పోశాడు. అర్పిత ఓళిగల పళ్లెం పట్టుకుని వచ్చింది. వెనకాలే జట్టులోని పిల్లలంతా, తలా ఒక బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నారు.

"నువ్వు తినలేదా పాపా?"

"మేము కడాన తింటాం మేడం, ప్రతిమక్కతో," అంది అర్పిత, ఆమె విస్తట్లో రెండు ఓళిగలు వేస్తూ. విరగనివి, నెయ్యి కారుతున్నవి.

హేమావతి తిన్నది. వదిలేస్తే ఆ ఇంటివాళ్లు బాధపడతారు. ఒక్కో ముక్కనూ నీళ్లు తాగి మింగింది. విస్తరి మడిచి లేచేసరికి, ఆ కుర్చీ కోసం వెనక ఇంకొకరు కాచుకుని ఉన్నారు. వంటింటి తలుపులోంచి యశోదమ్మ వీపు కనిపించింది, తిరగలేదు, పనిలో ఉంది. గేటు దగ్గర ఎవరో పిల్ల, వచ్చిన అందరికీ ఇచ్చినట్టే, టెంకాయ వేసిన సంచి ఆమె చేతిలో పెట్టింది.

అమరనాథ్ అంగడి కట్టేసి స్కూటర్ మీద అప్పుడే వచ్చి, పెళ్లికొడుకు చేతిలో చదివింపులు పెట్టి వచ్చాడు. ఆమె వెనక ఎక్కి కూర్చుంది.

"తిన్నావా?"

"తిన్నాను. మొదటి పంక్తిలోనే. చెన్నరాయప్పే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినాడు."

"అబ్బో, గొప్ప మర్యాదే చేసినారు," అన్నాడాయన సంతోషంగా, స్కూటర్ కదిలిస్తూ.

హేమావతి సంచిని ఒళ్లో పెట్టుకుని, భర్త వీపుకు ముఖం ఆనించి, చింతామణి వచ్చేదాకా ఏడ్చింది.